నల్లరాతి మీద పదకొండు మంది

మొన్న ఒక ఉదయం నంద్యాల నుంచి మా మామ ఫోన్ చేశాడు. మా అమ్మకు తమ్ముడు, పేరు నరసింహులు, ఎనభై దాటి నాలుగేళ్ళయింది. బాగున్నావా అనైనా అడక్కుండా, "అమ్మీ, పేపరు సూసినావా? ఇండియాలో, ఆస్ట్రేలియాలో ఇంతకాలం క్రికెట్టు ఆడినోళ్ళందర్లోంచి పదకొండు మందిని ఏరినారంట ఎవరో తెలివైనోళ్ళు. ముగ్గురు తప్ప అందరూ నిన్న మొన్నోళ్ళే. మీ నాయన ఉండింటే ఆ పేపరు కొలిమిలో ఏస్తుండె," అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "నవ్వుతావేందమ్మీ? బయల్దేరి రా. మనం రాద్దాం. నాకింకెన్నాళ్ళుండాది?" అని ఫోన్ పెట్టేశాడు. ఉద్యోగం అయిపోయాక నేను ఆత్మకూరులోనే ఉండిపోయాను. మర్నాడు పొద్దున బస్సెక్కి నంద్యాల బయల్దేరాను. కిటికీలోంచి నల్లమల కొండలు కనబడుతుంటే, దారి పొడవునా నాకు ఆళ్లగడ్డలో మా నాయన పని చేసిన రేకుల షెడ్డే గుర్తొస్తూ ఉంది.

మా నాయన శిల్పి. ఆళ్లగడ్డలో ఆ పని చేసే ఇళ్ళు చాలానే ఉన్నాయి, ఇప్పటికీ రోడ్డు పక్కన నడుస్తుంటే ఉలి చప్పుడు వినబడుతుంది. మా షెడ్డు ఇంటి వెనకాలే. నాయన, ఆయన అన్న అంటే మా పెదనాయన, ఇద్దరూ కలిసి పని చేసేవాళ్ళు. పెదనాయన కొలతలు వేసి, గీత గీసి, విగ్రహానికి మొత్తం రూపం తెచ్చేవాడు. ముఖం మాత్రం నాయనకు వదిలేసేవాడు. కనురెప్పలు, పెదవుల చివర్లు నాయన చేతికే కుదిరేవి. ఇంట్లో అన్నిటి మీదా రాతిదుమ్ము ఉండేది. అమ్మ ఎంత తుడిచినా నీళ్ళ కడవ మూత మీద, నా పుస్తకాల మీద, జేజి తెల్లజుట్టులో కూడా. జేజి అంటే నాయన తల్లి. ఉతికిన దుప్పటి కప్పుకున్నా తడిసిన రాయి వాసన వచ్చేది. ఆ వాసన నాకిప్పటికీ ఇష్టం. వాన మొదటి చినుకులు పడగానే అందరూ మట్టివాసన అంటారు, నాకు మాత్రం ఇల్లు గుర్తొస్తుంది.

ఆ ఇంటికి రేడియో మామ పెళ్ళి పుణ్యమా అని వచ్చింది. మామ నంద్యాలలో ఒక పత్తి మిల్లులో గుమాస్తా. పెళ్ళికి తోటి గుమాస్తాలంతా కలిసి రేడియో కొనిచ్చారు. మా అత్తకు దాని గరగర పడలేదు. "ఆ డబ్బా అన్నా ఉండాల, నేనన్నా ఉండాల," అందట కాపురానికొచ్చిన నెలకే. మామ దాన్ని తువ్వాలులో చుట్టుకొని బస్సులో ఆళ్లగడ్డకు తెచ్చి మా షెడ్డులో మేకుకు తగిలించాడు. దాంతోపాటు క్రికెట్ పిచ్చి కూడా మా ఇంటికొచ్చింది. మనవాళ్ళు ఆస్ట్రేలియా పోయి ఆడే రోజుల్లో ఆట ఇక్కడి తెల్లవారుజామునే మొదలయ్యేది. నాయన కొలిమి దగ్గర కూర్చొని ఆ రోజుకు కావలసిన ఉలులు కాల్చి పదును పెట్టుకునే వేళ అదే. బయట అమ్మ వాకిట్లో కల్లాపి చల్లుతుండేది, జేజి రొట్టెలకు జొన్నపిండి జల్లించేది. లోపల ఎర్రగా కాలిన ఇనుము నీళ్ళలో చుయ్యిమనడం, దాని మీదుగా సముద్రాల అవతలి నుంచి ఒక గొంతు దగ్గరికొస్తూ దూరమవుతూ ఇంగ్లీషులో చెప్పుకుపోవడం. నాయనకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా తల పక్కకు వంచి, రాయి లోపలి పగులు కోసం వినేవాడిలాగా వినేవాడు.

ఆదివారాలు మామ వచ్చినప్పుడు అన్నీ విడమరచి చెప్పేవాడు. మిగతా రోజుల్లో ఎవరు చెప్పాలి? నేను అప్పుడు ఆరో తరగతి. బడిలో ఇంగ్లీషు అప్పుడే మొదలైంది. "అమ్మీ, ఏమంటాండాడు సూడు," అని నాయన అడిగితే నాకు గొప్పగా అనిపించి పక్కన కూర్చునేదాన్ని. తెలిసినా తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఒకరోజు మనవాడు, మేము నిలకడాయన అని పిలుచుకునే ఆయన, ఆడుతున్నాడు. రేడియోలో 'వెల్ బౌల్డ్' అన్నారు. బౌల్డ్ అంటే వికెట్లు పడిపోవడమని మామ చెప్పి ఉన్నాడు కదా, "నాయనా, నిలకడాయన పోయినాడు," అన్నాను. నాయన ఉలి కింద పెట్టాడు. ఆ రోజంతా ఆయన ముఖం చూడలేకపోయాను. రేడియో కట్టేశాడు. సంగటి సగమే తిన్నాడు. ఆదివారం మామ వచ్చి, "అదేంది బావా, ఆ పొద్దు సాయంత్రం దాకా ఆయనే గదా ఆడింది! బాగా ఏసినాడని ఏసినోణ్ణి మెచ్చుకుంటే ఈ పిల్ల ఆడేటోణ్ణి ఇంటికి పంపించిందా!" అని పడీ పడీ నవ్వాడు. నాకు చావాలనిపించింది. నాయన నవ్వలేదు, తిట్టలేదు. "తెల్దంటే తెల్దను. పొయ్యేదేముంది? నేర్చుకొని రేపు చెప్దువు," అన్నాడు అంతే. ఆ రోజు నుంచి నేను వినబడిన మాటల్ని చేతిమీద సిరాతో రాసుకొని బడికి పోయి మా ఇంగ్లీషు పంతులుగారిని అడగడం మొదలుపెట్టాను. ఆయన మొదట విసుక్కున్నాడు. తర్వాత ఆయనే పొద్దున బడి గేటు దగ్గర నిలబడి, "ఏమ్మా, ఈరోజు చేతిమీద ఏముంది?" అని అడిగేవాడు. నా ఇంగ్లీషంతా అట్లా అరచేతిలోంచి వచ్చిందే.

ఇందులో ఆటగాళ్ళ పేర్లేవీ రాయడం లేదు. మా ఇంట్లో వాళ్ళు ఆ పేర్లతో లేరు. నాయనకు నోరు తిరక్క తానే పేర్లు పెట్టాడు. నిలకడాయన, గుర్రమాయన, మౌనంసామి, ఇట్లా. మామ మిల్లులో అందరూ చదివేసిన ఇంగ్లీషు పేపర్ల ఆటల పేజీలు వారానికోసారి తెచ్చేవాడు. ఆదివారం తెల్లవారి మొదటి బస్సుకు దిగేవాడు. అమ్మ ఆయన కోసం మరమరాలతో ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేసేది. తిని చెయ్యి కడుక్కోగానే షెడ్డులోకి పోయేవాళ్ళు. అక్కడ పీఠానికని తెచ్చి, పగులు కనబడితే పక్కన పెట్టేసిన ఒక నల్లరాతి పలక ఉండేది. దానిమీద సున్నపు ముక్కతో పదకొండు పేర్లు రాయడం నా పని. రెండు దేశాల్లో ఇంతవరకు ఆడినవాళ్ళందరిలోంచి పదకొండు మంది. ఎప్పుడో పోయినవాళ్ళు, ముసలివాళ్ళయిపోయినవాళ్ళు, నిన్న ఆడినవాడు, అందరూ ఒకే జట్టు. అందరూ ఒకే వయసులో ఉన్నట్టు అనుకోవాలి. ఆ ఊహే నాకు భలే నచ్చేది.

మామకు లెక్కలు కావాలి. ఎవరెన్ని కొట్టారు, ఎన్ని తీశారు, అన్నీ నోటికొచ్చు. నాయనకు అవేవీ పట్టవు. పేపర్లో బొమ్మ తీసుకొని వెలుగులోకి పట్టుకొని చాలాసేపు చూసేవాడు. "ఈయన భారమంతా యెడం కాలి మీదుండాది, కానీ తల కదల్లే సూడు. ఈయన్ని పెట్టు," అనేవాడు. "లెక్క తక్కువుండాది బావా," అని మామ మొత్తుకునేవాడు. "లెక్క నువ్వు సూసుకో. నిలబడేది రాకుంటే ఏదీ రాదు." జేజి గడప మీద కూర్చొని చెనక్కాయలు ఒలుస్తూ, పనీపాటా లేని మొగోళ్ళని ఇద్దర్నీ తిట్టేది. కానీ ఆమెకూ ఒక మనిషి ఉన్నాడు. ఆస్ట్రేలియావాడే. పేపర్లో చూసి, "అయ్యో, తల్లిగన్న బిడ్డ, ఎండకు ఎట్ల కమిలిపోయినాడో!" అంది. అప్పట్నుంచి వాడు కమిలినాయన. అతణ్ణి జట్టులోంచి తీసేస్తామంటే ఆ పూట అన్నం దగ్గర మాట ఉండేది కాదు. కమిలినాయన ఏళ్ళ తరబడి మా జట్టులో ఉండిపోయాడు.

షెడ్డులో నాయన పెట్టిన నియమం ఒక్కటే. ఎవరినైనా తీసేయాలంటే ముందు కారణం చెప్పాలి. నలుగురూ విన్నాక తడిగుడ్డతో ఆ పేరు తుడవాలి. ఊరికే నచ్చలేదంటే కుదరదు. నాకు తొమ్మిదో తరగతిలో ఒకసారి వికెట్ కీపర్ దగ్గర గొడవ వచ్చింది. మామ ఆస్ట్రేలియా కీపర్ కావాలంటాడు, బ్యాటు పట్టుకున్నా గట్టివాడని. నాయన మనవాడే అంటాడు, కారణం చెప్పలేకపోతున్నాడు. నేను సున్నపు ముక్క పట్టుకొని నిలబడి, "మామా, రేడియోలో కీపరు పేరు ఎప్పుడు చెప్తారు? బంతి జారవిడిస్తేనే గదా. మనాయన పేరు పొద్దంతా విన్నా నాలుగుసార్లు రాదు. మీ ఆయన పేరు గంటకోసారి వస్తాది," అన్నాను. మామ తడిగుడ్డ నాకే ఇచ్చాడు. ఆ సాయంత్రం నాయన అమ్మతో, "అమ్మి చెప్పిన మాట ఇన్నావా?" అని మూడుసార్లు అడిగాడని అమ్మ తర్వాత చెప్పింది.

పదో తరగతి పాసయ్యాక నంద్యాలలో కాలేజీలో చేరాలని నా ఆశ. మామ ఇంట్లో ఉండి చదువుకోవచ్చని మామ, అత్త ఇద్దరూ అన్నారు. ఇంకో పక్క పెదనాయన వద్దని అప్పటికే తేల్చేసుకున్నాడు. ఒక ఆదివారం ఆయన షెడ్డులోకొచ్చి రాతి దిమ్మ మీద కూర్చొని, "సదివింది సాల్లే. పరాయి ఊర్లో పెట్టి సదివించాల్సిన పని ల్యా," అన్నాడు. పెదనాయన మాటకు మా ఇంట్లో ఎదురు ఉండేది కాదు. షెడ్డు ఆయన పేరు మీదే. గుళ్ళ పనులన్నీ ఆయన్ని చూసి వచ్చేవే. అప్పుడే ఒక పెద్ద గుడికి ద్వారపాలకుల పని ఒప్పుకొని ఉన్నారు, రెండేళ్ళ పని. మామ నోరు తెరవబోతే నాయన చేత్తో ఆపాడు. ఆయన తల వంచుకొని ఉలి మొన చూసుకుంటున్నాడు. ఇక అయిపోయిందనుకున్నాను. ఎట్లా వచ్చిందో ఆ ధైర్యం, "కారణం చెప్పు పెదనాయనా," అన్నాను.

ఆయన నావైపు చూడలేదు. నాయన వైపు చూసి, "ఏందిరా ఇది? ఆడపిల్ల నన్ను కారణం అడుగుతాందా?" అన్నాడు. జేజి గడప మీద నుంచి "యేమే, నోరు మూసుకో," అని కసిరింది. అమ్మ వంటింటి తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది. అప్పుడు నాయన ఉలి పక్కన పెట్టి లేచాడు. నేను పుట్టాక ఆయన తన అన్న ముందు గొంతెత్తడం చూడలేదు. అప్పుడూ ఎత్తలేదు. మెల్లగానే, "అడిగిందానికి జవాబు చెప్పన్నా," అన్నాడు.

"ఆడపిల్ల. ఇంకేం కారణం గావాల?"

"అది కారణం కాదన్నా."

పెదనాయన లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "అట్లయితే నీ దోవ నీది, నా దోవ నాది," అని వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు. కాసేపటికి నాయన నా తలమీద చెయ్యి పెట్టాడు.

నేను నంద్యాల చేరాను. దాని వెనక ఏం జరిగిందో నాకెవరూ చెప్పలేదు. ఆదివారం బస్సు ప్రయాణం మాత్రం దిక్కు మారింది. ఇప్పుడు నాయనే శిరివెళ్ళ మీదుగా వచ్చేవాడు, చేతిలో అమ్మ కట్టిచ్చిన ఊరుబిండి పచ్చడి డబ్బా. మామ ఇంట్లో కూర్చొని ముగ్గురం వారం ఆట మాట్లాడుకునేవాళ్ళం. నేను లేకుండా రేడియోలో ఏం అర్థమవుతోందని అడిగితే, "జనం సప్పుడు ఇంటే తెలుస్తాది లేమ్మీ. మనోడు పోతే ఆ దేశం జనం అరిచేది వేరే, ఆళ్ళోడు పోతే నిట్టూర్చేది వేరే," అన్నాడు. రేడియోను ఇంట్లోంచి తరిమేసిన మా అత్త ఆ ఆదివారాలన్నీ మాకు టీలు పెట్టింది. రెండు గదుల ఇంట్లో, కిటికీ ఉన్న గది నాకిచ్చి తాను వంటింట్లో పడుకుంది. ఐదేళ్ళు. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఆమె పోయి మూడేళ్ళయింది. బతికుండగా ఒక్కసారైనా ఆమెకు చెప్పవలసిన మాట నేను ఇక్కడ రాస్తున్నాను. అత్తా, నేను ఆ కిటికీ పక్కన చదువుకున్నాను.

రెండో ఏడు సెలవులకు చెప్పకుండా ఆళ్లగడ్డ పోయాను. బస్సు దిగి నడుస్తుంటే రోడ్డు పక్కన గోనెపట్టా నీడన ఒక మనిషి రుబ్బురోలు కొడుతున్నాడు. దగ్గరికి పోతేగాని నాయనని తెలియలేదు. చుట్టూ రోళ్ళు, తిరగళ్ళు, సన్నికల్లు. అమ్మవారి కనురెప్ప తీర్చే మనిషి. ద్వారపాలకుల పని పెదనాయన వేరే వాళ్ళతో చేయించుకుంటున్నాడని, షెడ్డులోకి నాయన పోవడం లేదని అప్పుడు తెలిసింది. ఏడుపు ఆగలేదు. నాయన తల ఎత్తి చూసి కంగారు పడ్డాడు. "యాలమ్మీ ఏడుస్తావు? ఇదీ రాయే గదా. కూర్చో. మొన్న మ్యాచిలో ఆఖరు రోజు ఏమైంది? ఈడ రేడియో సరిగా పలకలే," అన్నాడు. ఆ ఎండలో ఆయన పక్కన కూర్చొని ఆ రోజు ఆట మొత్తం చెప్పాను. ఒక్క ఓవర్ వదలకుండా చెప్పాను. ఆయన దెబ్బ దెబ్బకూ ఊ కొడుతూ విన్నాడు.

అన్నదమ్ములు తర్వాత కలిశారు. పెద్ద మాటలేమీ జరగలేదు. ద్వారపాలకుల ముఖాలు గుడి వాళ్ళకు నచ్చలేదట. ఒకరోజు పెదనాయన ఆ గోనెపట్టా దగ్గరికొచ్చి, "మొగాలు కుదరలేదురా. రా," అన్నాడు. నాయన చేతిలో ఉన్న రోలు పూర్తి చేసి, సాయంత్రం పోయాడు. నేను ఇంగ్లీషు పంతులమ్మనై ఆత్మకూరులో పని చేస్తుండగా పెదనాయన తన మనవరాల్ని వెంటబెట్టుకొని మా ఇంటికొచ్చాడు. మజ్జిగ తాగాడు. "ఈ పిల్లకు ఇంగ్లీషు రావాలమ్మీ. నీ దగ్గర పెట్టుకో," అన్నాడు. తాను అన్నది తప్పని అనలేదు. నేనూ అడగలేదు. పిల్ల రెండేళ్ళు మా ఇంట్లోనే ఉండి చదువుకుంది. నన్ను నిలబెట్టిన వాళ్ళలో ఆయన లేడు. కానీ ఆ పూట ఆయన అంత దూరం వెతుక్కుంటూ రావడాన్ని కూడా నేను మేలుగానే లెక్కవేసుకుంటాను.

ఇదంతా తలుచుకుంటూనే నంద్యాలలో దిగాను. మామ మంచం మీద దిండ్లకు ఆనుకొని, ఒళ్ళో కాగితం పెట్టుకొని సిద్ధంగా ఉన్నాడు. చెవులు సరిగా వినబడవు, నోటి లెక్కలు మాత్రం ఒక్కటీ పోలేదు. మధ్యాహ్నం దాకా గట్టిగట్టిగా అరుచుకుంటూ పది పేర్లు తేల్చాం. పదకొండో చోటు దగ్గర ఆగిపోయాం. అప్పుడు మామ మనవరాలు చరిత, ఇంటర్ చదువుతున్న పిల్ల, భుజాన కిట్టు సంచి వేసుకొని ఆటకు పోతూ మా కాగితం తొంగిచూసింది.

"ఇందులో అందరూ మగోళ్ళే గదా తాతా?"

"మరింకెవరుంటారే?" అన్నాడు మామ.

"అదేంది? ఆస్ట్రేలియాతో మన ఆడోళ్ళు ఎన్నేండ్ల నుంచో ఆడుతాండారు. వాళ్ళ టీము రాయరా? పెద్దమ్మా, నువ్వు గూడా రాయవా?"

మామ నావైపు చూశాడు. నేను చరిత వైపు చూశాను. ఆడపిల్లననేది కారణం కాదని మా నాయన చేత అనిపించుకున్నదాన్ని నేను. ఇన్నేళ్ళూ లోకమంతటికీ ఆ కథ చెప్పుకుంటూ తిరిగాను. ఒక్క ఆడమనిషి పేరు నా చేత్తో ఏ జట్టులోనూ రాయలేదు. రాయాలని తోచనే లేదు. సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఏదో తేలికగా కూడా అనిపించింది, ఎవరో వచ్చి మూసిన కిటికీ తెరిచినట్టు. "రాస్తాను. నాకొక్కరూ తెలీదు. నువ్వు చెప్పు," అన్నాను. పిల్ల సంచి దించి నేల మీద కూర్చొని చెప్పుకుపోయింది. ఎవరు ఎట్లా నిలబడతారు, ఎవరు ఎక్కడ వేస్తారు, ఎవరిని ఎందుకు తీసుకోవాలి. ఒక్కో పేరుకూ ఆమె దగ్గర ఒక మాట ఉంది. మామ చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని విని, "ఈమెకు ఎన్నుండాయి?" అని మధ్యమధ్య లెక్కలు అడిగాడు.

పదకొండు అయ్యాక చరిత గడియారం చూసుకొని గాభరాగా లేచింది. "నేనూ వస్తాను," అన్నాను. మైదానం రెండు వీధుల అవతలే. పన్నెండు మంది ఆడపిల్లలు, టోపీలు పెట్టుకొని, ఎండలో. గట్టు మీద కూర్చొని చూశాను. చరిత దూరం నుంచి పరుగెత్తుకొచ్చి బంతి వేసింది. అది నేలను తాకి పైకి లేచే వేగం చూసి గట్టు అంచును గట్టిగా పట్టుకున్నాను. రేడియోలో ఎంత విన్నా, తర్వాత టీవీలో ఎంత చూసినా, ఆట ఇంత దగ్గరగా చప్పుడు చేస్తుందని నాకు తెలియదు. ఆట మధ్యలో చరిత నా దగ్గరికొచ్చి నీళ్ళు తాగుతూ, చేతిలో ఉన్న బంతిని నా చేతిలో పెట్టింది.

అరవై మూడేళ్ళలో క్రికెట్ బంతిని పట్టుకోవడం అదే మొదటిసారి. అది ఇంత బరువుంటుందని, కుట్టు వేలికి ఇంత గట్టిగా తగులుతుందని నేను ఎన్నడూ అనుకోలేదు. రెండు చేతులతో పట్టుకొని తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాను. ఎర్రరంగు నా అరచేతికి అంటింది.

"ఇయ్యి పెద్దమ్మా, వాళ్ళు ఎదురుచూస్తాండారు," అంది చరిత.

"ఇంకొంచెం సేపు," అన్నాను.